14 అడుగుల బోటు, బొలెరో, ర్యాంపు లేని ఒడ్డు: ట్రైలర్ మీంచి నీళ్లలోకి దించేదెట్లా?

తిరుచానూరు_గాలం:
అన్నలకు నమస్కారం. బోటు 14 అడుగుల ఫైబర్‌ది, ఖాళీ బరువు 150 కిలోలు. వెనక 9.9 హెచ్‌పీ ఫోర్‌స్ట్రోక్ మోటారు. ట్రైలర్ ఒంటి ఇరుసుది, బోటు కూర్చునేది రోలర్ల మీద కాదు, కార్పెట్ చుట్టిన బంకు పలకల మీద. లోకల్‌గా వెల్డింగ్ చేయించిందే. లాగేది బొలెరో, టూవీల్ డ్రైవ్. ఏర్పేడు, వెంకటగిరి, రాపూరు మీదుగా కండలేరు రిజర్వాయర్, లేదంటే సోమశిల వెనకజలాలు అనుకుంటుండా. వీడియోల్లో చూపించేవన్నీ సిమెంటు ర్యాంపులు. మన పక్క ఉండేది స్నానఘట్టం మెట్లు, కాకుంటే మట్టి ఒడ్డు.
అడిగేది మూడు. ఎంత వాలుంటే దించొచ్చు? ట్రైలర్ ఎంత లోతుకి పోవాల? బొలెరో వెనక చక్రాలు నీళ్లలో దిగితే ఏమవుతాది?

రేణిగుంట_వెల్డింగ్:
తమ్ముడూ, మూడు ప్రశ్నలకూ లెక్క ఒకటే. ముందు టేపు తీసుకుని ట్రైలర్ కొలువు. బంకు పలక నేల నుంచి ఎంత ఎత్తు? లోకల్ ట్రైలర్లయితే సుమారు 45 సెంటీమీటర్లు. నీ బోటు ఖాళీగా 15 సెంటీమీటర్ల దాకా మునుగుతాది. రెండూ కలిపితే 60. ట్రైలర్ చక్రాల దగ్గర 60 సెంటీమీటర్ల నీళ్లుంటే బోటు పలకల మీంచి లేస్తాది. మడ్‌గార్డుల పైభాగం నీటికి ఆనినప్పుడు ఆపమని చెప్పేది ఇదే.
ఇరుసు నుంచి హిచ్ గుండు (బొలెరో వెనక ట్రైలర్ తగిలించే గుండు) దాకా 3.3 మీటర్లు, గుండు నుంచి బొలెరో వెనక చక్రం మధ్యకి ఇంకో మీటరు అనుకో. మొత్తం 4.3. ఒడ్డు మీటరుకి 15 సెంటీమీటర్లు దిగితే, 60 లోతు కోసం ట్రైలర్ చక్రాలు నీటి అంచు దాటి 4 మీటర్లు పోవాల. బొలెరో టైరు పొడి నేల మీదే ఉంటాది. మీటరుకి 12 అయితే 5 మీటర్లు పోవాల. బొలెరో టైరు 70 సెంటీమీటర్లు లోపలికి దిగుతాది, ఆడ నీళ్లు 8 సెంటీమీటర్లే, భయం లేదు. ర్యాంపు కట్టేవాళ్లు 12 నుంచి 15 శాతం వాలు పెట్టుకునేది అందుకే. 15 దాటితే దించడం సులువు, పైకి లాగేటప్పుడే టూవీల్ బండి టైరు ఊరికే తిరుగుతాది.
వాలు కొలిచేదానికి మీటరు పొడవు చెక్క, మేస్త్రీల రసమట్టం చాలు. చెక్క పై కొన నేలకి ఆనించి, కింది కొన లేపు. బుడగ మధ్యకి వచ్చినాక ఆ కొన కింద ఖాళీ ఎంతుందో అదే వాలు. ఫోన్లో చూస్తే 7 నుంచి 8.5 డిగ్రీలు రావాల. పొడి ఒడ్డు కొలిచి ఊరుకోకు. నీళ్లలోకి దిగి కర్రతో అడుగడుగుకీ లోతు చూడు.

పాకాల_ఫోర్‌వీల్:
వెల్డింగన్న లెక్క కరెక్టే, నేల గట్టిదైతేనే. రిజర్వాయర్ ఒడ్డున నీళ్లు వెనక్కి తగ్గిన చోట పైన ఎండి పెళుసుగా ఉంటాది, కింద ఒండ్రు. మనిషి నడిస్తే తెలీదు, బండెక్కితే తెలుస్తాది. 12 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ తీసుకుని టైర్లు పోయే రెండు గాళ్లలోనూ మీటరుకొకసారి ఒంటి బరువుతో గుచ్చి చూడు. అరచేయంత లోతు దిగిందంటే ఆ చోటు వదిలేయ్.
సోమశిల వైపు ముంపు ఊళ్ల పాత రోడ్డు ఏదైనా నీళ్లలోకి దిగుతూ దొరికితే అది మట్టి ఒడ్డు కంటే నయం, కింద కంకర ఉంటాది. ఒకటే జాగ్రత్త: నీళ్ల కింద కల్వర్టు తెగిన గుంత కనపడదు. ట్రైలర్ చక్రం అందులో పడితే ఇరుసు వంగుతాది. కట్టిన ర్యాంపుకి కూడా చివర ఇట్లాంటి అంచే ఉంటాది. బోటు ఎక్కించేటప్పుడు మోటారు రేజ్ చేసేవాళ్ల వల్ల ఆడ మట్టి కొట్టుకుపోయి గుంత పడుంటాది.
బొలెరో వెనక చక్రాలతో లాగే బండి కాబట్టి హిచ్ మీద ఆనే ట్రైలర్ ముక్కు బరువు ఆ టైర్ల మీద పడి పట్టు కొంచెం పెరుగుతాది. ముందు చక్రాల కార్లయితే తిరకాసు. వాలులో బరువు వెనక్కి పోయి, తిరిగే చక్రాలు తేలికైపోతాయి. మెత్తటి నేలలో టైరు గాలి 20 పీఎస్ఐకి దించు, తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపు. టైరు ఒక్కసారి తిరిగిందంటే యాక్సిలరేటర్ వదిలేయ్, తొక్కేకొద్దీ గుంత తవ్వుకుంటాది. నాలుగు గోనె సంచులు, రెండు మందపాటి పలకలు బండిలో వేసుకో. సిమెంటు మీద అయితే పాచి పట్టిన అడుగు మేరే ముఖ్యం, నీటి అంచుకి కాస్త పైనా కిందా జారేది ఆడే. ఇసుక చల్లి చీపురుతో రుద్దు.

తిరుచానూరు_గాలం:
వెంకటగిరి స్నేహితుడు చెక్క పెట్టి కొలిచి పంపినాడు. మీటరుకి 8 సెంటీమీటర్లే వస్తా ఉంది. నేల గులకరాయి, గట్టిదే. ఇప్పుడెట్లా?

రేణిగుంట_వెల్డింగ్:
8 అయితే ట్రైలర్ చక్రాలు ఏడున్నర మీటర్లు లోపలికి పోవాల. బొలెరో వెనక చక్రం 3.2 మీటర్లు లోపల, ఆడ లోతు 26 సెంటీమీటర్లు. డిఫరెన్షియల్ (వెనక ఇరుసు మధ్యలో ఉండే గేర్ల డబ్బా) కిందిభాగం మునుగుతాది. దూరం నడిచి కాలిపోతున్న డిఫరెన్షియల్ చల్లటి నీళ్లలో పడితే లోపలి గాలి కుంచించుకుని, సీల్లో ఏమాత్రం సందున్నా నీళ్లు పీల్చుకుంటాది. దాని గాలి పోయే బ్రీదర్ గొట్టం పైకి పెట్టించుకుంటే కొంత నయం, కానీ రోజూ చేసే పని కాదది.
నేల గట్టిదంటున్నావు కాబట్టి డ్రాబార్‌కి, అంటే ట్రైలర్ ముందుండే లాగుడు గొట్టానికి, పొడిగింపు వేయించు. 72×72×4.8 మిల్లీమీటర్ల చదరపు గొట్టం బయటిది, 60×60×4.8 లోపలిది. లోపలి గొట్టం బయటికి రెండున్నర మీటర్లు రావాల, ఇంకా కనీసం 60 సెంటీమీటర్లు లోపల మిగలాల. ఆ పట్టులో 16 మిల్లీమీటర్ల పిన్నులు రెండు, ఒకటి కాదు. 4.3 కాస్తా 6.8 అవుతాది. బొలెరో టైరు 70 సెంటీమీటర్లు మాత్రమే లోపలికి, నీళ్లు 6 సెంటీమీటర్లు. పొడిగించి రోడ్డు మీద ఒక్క మీటరు కూడా లాగొద్దు, అది ఒడ్డు కోసమే.

తడ_తీరం:
అన్నా, పొడిగింపుకి నేను ఒప్పుకోను. గులకరాయి మీద సరే, నీళ్లు తగ్గినాక గులకరాయి ఆడే ఉండిపోతాది, నీళ్లు మాత్రం ఒండ్రులోకి జరిగిపోతాయి. సోమశిల నిండుమట్టం 330 అడుగులు, 78 టీఎంసీలు. కండలేరు 68 టీఎంసీలు. కాలవలకి వదిలేకొద్దీ మట్టం దిగుతా ఉంటాది. 8 శాతం ఒడ్డున ఒక్క అడుగు మట్టం తగ్గితే నీటి అంచు దాదాపు 3.8 మీటర్లు వెనక్కి పోతాది. 4 శాతం ఒడ్డున 7.6 మీటర్లు. ఈ వారం కొలిచిన చోటు వచ్చే నెలకి పనికిరాదు.
ఇట్లాంటి చోట తాడు పద్ధతి మేలు. ట్రైలర్‌ని నీటి అంచుకి తెచ్చి, చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టి, ట్రైలర్ ముక్కుని మోసే జాకీ చక్రం దించి, 12 మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు ట్రైలర్ ఛాసిస్‌కీ బొలెరో హుక్కుకీ కట్టినాకే హిచ్ విప్పాల. కట్టాల్సింది ఛాసిస్‌కి, వించికి (బోటుని ట్రైలర్ మీదికి లాగే చేతి చక్రానికి) కాదు. 400 కిలోల బరువు 8 శాతం వాలులో 32 కిలోల లాగుడే, ఇద్దరు మనుషులు ముక్కు పట్టుకుని నడిపిస్తే బొలెరో నిదానంగా వెనక్కి వస్తా తాడు వదుల్తాది. జాకీ చక్రం చిన్నది, మెత్తటి నేలలో దిగబడతాది, కింద పలకలు మార్చి మార్చి వేయాల. పైకి లాగేటప్పుడు తాడుకి నేరుగా ఎవురూ నిలబడకూడదు. నైలాన్ అయితే సాగి తెగినప్పుడు వెనక్కి కొడతాది, అందుకే పాలిస్టర్ అన్నది.

రేణిగుంట_వెల్డింగ్:
ఒండ్రుకి తాడే రైటు, కాదనను. గట్టి నేలకి పొడిగింపు. రెండూ ఉంచుకుంటే పోతాది. వీటికంటే సులువు ఊర్లో ట్రాక్టరు మాట్లాడుకోవడం. దాని వెనక చక్రం మోకాలి లోతు నీళ్లకి లెక్కచేయదు.

చిత్తూరు_బేరింగు:
అందరూ డిఫరెన్షియల్ గురించి మాట్లాడుతున్నారు, ట్రైలర్ హబ్బుల (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) సంగతి ఎవురూ ఎత్తలేదు. దార్లో బోటు ట్రైలర్లు నిలిచిపోయేది జాస్తి బేరింగుల వల్లే.
వేడి హబ్బు నీళ్లలో మునిగితే డిఫరెన్షియల్‌కి చెప్పిందే దీనికీ, సీలు పక్కనుంచి నీళ్లు లోపలికి పీల్చుకుంటాది. గ్రీజు పాలరంగులోకి మారిందంటే నీళ్లు కలిసినట్టు. రెండు నెలలు వాడకుండా పెట్టినా లోపల తుప్పు చుక్కలు పడి, ఆ మీదట శబ్దం, వేడి, చివరికి చక్రమే ఊడొస్తాది. ఒడ్డుకి చేరినాక చేత్తో హబ్బు పట్టుకో. వెచ్చగా ఉంటే పర్లేదు, చేయి పెట్టి ఉంచలేకపోతే నీళ్లలో దించేముందు విప్పి చూడాల్సిందే. మామూలు వెచ్చదనం తగ్గేదానికి 20 నుంచి 30 నిమిషాలు ఆగు.
గ్రీజు నీళ్లకి తట్టుకునేది, మెరైన్ అని డబ్బా మీద ఉండేది వాడు. పాత రకంతో కలపొద్దు, మొత్తం కడిగి కొత్తది నింపు. బిగింపు: చక్రం చేత్తో తిప్పుతా క్యాజిల్ నట్టు (పైన గాట్లుండేది) బిగించు, తర్వాత పావు తిప్పు వెనక్కి తిప్పి, వేళ్లతో బిగిసినంత మటుకే బిగించి కాటర్ పిన్ను వేయి. పాత పిన్ను మళ్లీ వాడొద్దు. స్ప్రింగు ఉండే గ్రీజు మూతలు దొరికితే వేయించు, లోపల కాస్త ఒత్తిడి నిలబెట్టి నీళ్లు రానివ్వవు. కానీ మరీ ఎక్కువ గ్రీజు కొడితే వెనక సీలే బయటికి తోసుకొస్తాది.
లోకల్ ట్రైలర్‌కి ఏ బండి హబ్బు వేసినారో వెల్డింగాయనకే తెలీదు ఒక్కోసారి. విప్పినప్పుడు బేరింగు మీద చెక్కిన నంబరు, సీలు నంబరు రాసుకుని, ఒక జత స్పేరుగా బండిలో పెట్టుకో. టైరు మీద లోడ్ ఇండెక్స్ కూడా చూడు. 74 అంటే ఒక్కో టైరుకి 375 కిలోలు, నీ బరువుకి చాలు.

నగరి_రీల్:
ఆ హబ్బులు చల్లారే అరగంటలోనే పైన చేయాల్సిన పనులన్నీ అయిపోతాయి. నీటి అంచున బండి ఆపి సామాన్లు సర్దేవాళ్లే ప్రమాదాలు తెచ్చుకుంటారు. వాలులో బండి నిలిచేది రెండు నిమిషాలకు మించకూడదు.
చదునుగా ఉన్న చోట ఆపి, మొదట డ్రెయిన్ ప్లగ్గు, అంటే బోటు అడుగున నీళ్లు పోయే రంధ్రానికి బిరడా. అది బిగించిన మనిషే పైకి చెప్పాలి, ఇంకొకరు చేత్తో తడిమి చూడాలి. ఆ తర్వాత వెనక కట్టు బెల్టులు విప్పండి, మోటారు కింద పెట్టిన ఆధారం తీసేయండి, కానీ మోటారు ఎత్తి లాక్ చేసే ఉంచండి. పెట్రోలు ట్యాంకు గాలి మూత తెరిచి, పెట్రోలు పైపు మీదుండే ప్రైమర్ బల్బు (రబ్బరు బుడ్డి) గట్టిపడేదాకా నొక్కండి. కిల్ స్విచ్ తాడు (లాగితే మోటారు ఆగేది) దాని స్థానంలో ఉందో లేదో చూడండి. బోటు ముక్కుకి ఒక తాడు, వెనక కొక్కేనికి ఒక తాడు, రెండూ కనీసం ఆరేడు మీటర్లు. లైఫ్ జాకెట్లు సంచిలో కాదు, ఒంటి మీద. ట్రైలర్ లైట్ల ప్లగ్గు పీకేయండి. వేడెక్కిన బల్బు నీళ్లు తగిలితే పగులుతుంది, ఫ్యూజు కూడా పోవచ్చు.
ముక్కు దగ్గర వించి బెల్టు, సేఫ్టీ చైను మాత్రం నీళ్లలోకి వెళ్లేదాకా విప్పొద్దు. రోలర్ ట్రైలర్ అయితే మరీ. చైను లేకపోతే బోటు మధ్య వాలులోనే జారి నేల మీద పడుతుంది.

తిరుచానూరు_గాలం:
వించి విప్పేటప్పుడు హ్యాండిల్ వదిలేస్తే అదే తిరుగుతా విడిపోతుంది కదా? వీడియోలో అట్లే చేస్తుండారు.

నగరి_రీల్:
వద్దు. మణికట్టు విరిగేది అలాగే. బరువు ఉన్నప్పుడు పళ్ల లాక్ తీసి వదిలితే హ్యాండిల్ ఆపలేనంత వేగంగా తిరుగుతుంది. బోటు తేలాక, బెల్టు వదులయ్యాక మాత్రమే కొక్కెం తీయండి. తేలకముందే దించాల్సి వస్తే హ్యాండిల్ చేత్తో పట్టుకుని ఒక్కో తిప్పు వదలాలి. వించికి ఇనుప తీగ ఉంటే 50 మిల్లీమీటర్ల బెల్టుకి మార్చేయండి, తెగిన పోగులు అరచేతిలో గుచ్చుకుంటాయి.

పాకాల_ఫోర్‌వీల్:
రివర్స్ గురించి రెండు మాటలు. చేయి స్టీరింగ్ కింది భాగంలో పెట్టు. ట్రైలర్ ఎటు పోవాలనుకుంటే చేయి అటు జరుపు, అంతే. చిన్న ట్రైలర్ తొందరగా మడతపడతాది కాబట్టి కొంచెం కొంచెం తిప్పు. మడత పెరిగిందంటే సరిచేసే ప్రయత్నం వద్దు, ముందుకి లాగి తిన్నగా చేసుకుని మళ్లీ రా. మనది కుడిచేతి డ్రైవింగు, ట్రైలర్ కుడివైపు తిరిగేలా ఒడ్డుకి వస్తే కిటికీలోంచి చూసుకోవచ్చు. ఎడమవైపైతే గుడ్డి మలుపు.
వాలు మీద సీటుబెల్టు తీసేయ్, అద్దాలు దించు. ఆపినాక (ఇంజను కట్టేస్తే) ఫస్ట్ గేరు, హ్యాండ్‌బ్రేకు, ముందు చక్రాలకి కింది వైపు అడ్డు చెక్కలు. చెక్కలకి తాడు కట్టి ఉంచితే ఆడే మరిచిపోవు. పొగగొట్టం నీళ్లలో ఉంటే ఇంజను ఆపొద్దు. ట్రైలర్ వెనక ఎవురూ నిలబడకూడదు, బోటులో అసలే ఎవురూ ఉండకూడదు.

తడ_తీరం:
నీళ్లలోకి పోయినాక గాలీ ప్రవాహమూ చూడాల. రిజర్వాయర్లో ప్రవాహం తక్కువ, మధ్యాహ్నం గాలి జాస్తి. పొద్దున్నే దించుకుంటే సగం బాధ తప్పుతాది. పెన్నలో నేరుగా దించితే, బోటు వెనక భాగం తేలగానే ప్రవాహం దాన్ని కిందికి తిప్పుతాది. వెనక తాడు పట్టుకునే మనిషి ఎగువ వైపు నిలబడాల. తాడు చేతికి చుట్టుకోవడం మాత్రం వద్దు.
ఈశాన్య రుతుపవనాల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, పైనుంచి వరద వస్తా ఉంటే ఆ పక్కకే పోవద్దు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఆ నీళ్లన్నీ పెన్నలో కలిసి వచ్చింది సోమశిలకే. అంత వరద కాకపోయినా మొద్దులు, చెట్లు కొట్టుకొస్తాయి. గేట్ల దగ్గర ఏ కాలంలోనూ వద్దు.

తిరిగి ఎక్కించేది దించడం కంటే కష్టం, దాని గురించి ఎవురూ రాయలా. దించేటప్పుడు పెట్టినంత లోతుకి ట్రైలర్ పెడితే ఎక్కేటప్పుడు బోటు పలకల మీద తేల్తా పక్కకి పోతాది, బండి లాగినాక వంకరగా కూర్చుంటాది. ముందు ట్రైలర్ పూర్తిగా ముంచి పలకల కార్పెట్ తడుపు. తర్వాత ముందుకి లాగి, పలకల ముందు మూడో వంతు నీళ్ల పైకి తేలేలా ఆపు. బోటు ముక్కు వాటి మధ్య దూరి రబ్బరు ఆపుడుకి దగ్గరగా వచ్చినాక, మిగతాది వించితో లాగు. మోటారు రేజ్ చేసి ఎక్కించొద్దు, గుంత సంగతి పైన చెప్పేసినారు. ముక్కు ఆపుడుకి తగల్లేదంటే ట్రైలర్ లోతు జాస్తి అయినట్టు. అట్లే లాగితే బరువు వెనక్కి పడి ముక్కు బరువు తగ్గుతాది, రోడ్డు మీద ట్రైలర్ ఊగుతాది.

రేణిగుంట_వెల్డింగ్:
ఆ ఊగుడు సంగతి: హిచ్ మీద పడే బరువు మొత్తంలో 5 నుంచి 10 శాతం ఉండాల. నీది బోటు 150, మోటారు 40, సామాను, పెట్రోలు 40, ట్రైలర్ 180, మొత్తం 410 అనుకుంటే 20 నుంచి 40 కిలోలు, 40 వైపు ఉంటే మేలు. ఇంట్లో బరువు తూచే మిషను మీద ఒక చెక్కముక్క పెట్టి, హిచ్ ఎత్తులో కప్లర్ (గుండు మీద కూర్చునే ట్రైలర్ ముందు కప్పు) దాని మీద ఆనించి చూడు. తక్కువొస్తే వించి స్తంభం ముందుకి జరుపు. గుండు 50 మిల్లీమీటర్లదా, రెండంగుళాలదా చూడు. రెండంగుళాలంటే 50.8. 50 కప్లర్ ఆ పెద్ద గుండు మీద సరిగ్గా లాక్ పడదు, పడినట్టు కనపడతాది. సేఫ్టీ చైన్లు కప్లర్ కింద ఒకదాని మీదొకటి అడ్డంగా వేస్తే, హిచ్ ఊడినా ముక్కు రోడ్డుకి తగలదు.

చిత్తూరు_బేరింగు:
పులికాట్‌కి పోతే అది ఉప్పునీళ్లు. ఇంటికి రాగానే ట్రైలర్ మొత్తం, స్ప్రింగు పట్టాలు, బ్రేకులుంటే వాటి లోపల కూడా మంచినీళ్లతో కడుగు. మోటారు నీళ్లు పీల్చే రంధ్రాలకి చెవులు (నీళ్ల పైపు తగిలించే రబ్బరు కప్పులు) తగిలించి 10 నిమిషాలు మంచినీళ్లు పోనీ, పక్కనుంచి నీటి ధార పడతా ఉందో లేదో చూస్తా ఉండు. నీళ్లు లేకుండా ఒక్క నిమిషం కూడా తిప్పొద్దు, పంపు రబ్బరు రెక్కలు కాలిపోతాయి.

నగరి_రీల్:
ఒడ్డు వదిలేముందు డ్రెయిన్ ప్లగ్గు తీసి నీళ్లన్నీ అక్కడే వదిలేయండి. ఇరుసుకీ పలకల సందుల్లోకీ చుట్టుకున్న గుర్రపుడెక్క పీకి గట్టు మీద ఎండలో పడేయండి. ఇంకో చెరువుకి మోసుకుపోతే అక్కడ మొదలవుతుంది.
అనుమతుల గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్పాలి. మోటారు బిగించిన బోటుకి 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్, సర్వే ఉన్నాయి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగాక చూసీచూడనట్టు వదిలే రోజులు పోయాయి. రిజర్వాయర్లు జలవనరుల శాఖవి, ఆ ప్రాజెక్టు ఇంజనీర్ల ఆఫీసులో అడగండి. పులికాట్ అభయారణ్యం పరిధి అటవీశాఖది. కల్యాణి డ్యామ్ దగ్గరే కదా అనుకోవద్దు, తిరుపతి తాగే నీళ్లవి. ట్రైలర్‌కి రవాణా శాఖ రిజిస్ట్రేషన్ విడిగా ఉండాలి, బొలెరో నంబరు రాసుకుంటే సరిపోదు.

తిరుచానూరు_గాలం:
అందరికీ ధన్యవాదాలు. పొడిగింపు రేపే కొలతలిచ్చేస్తా. చివరగా ఒకటి: బ్రేకు తొక్కితే ట్రైలర్ ఇండికేటర్లు కూడా మినుకుమంటా ఉండాయి, లైట్లన్నీ మసక. బల్బులు మార్చినా అంతే.

చిత్తూరు_బేరింగు:
బల్బులు కాదు, ఎర్త్. వైరింగ్ చేసినాయన ఎర్త్ వైరు వేయకుండా హిచ్ గుండు మీదుగానే కరెంటు తిరిగి పోనిచ్చుంటాడు. గుండుకి గ్రీజు, తుప్పు, అందుకే తిరుగుదారి దొరక్క పక్క బల్బుల్లోంచి పోతా ఉంది. ఏడు పిన్నుల ప్లగ్గులో 3వ పిన్ను తెల్లవైరు ఎర్త్. దాన్ని ఒక్కో లైటు దాకా విడిగా లాగు, ఛాసిస్ మీద ఆధారపడొద్దు. కలిపిన చోట్ల సోల్డరింగు చేసి, వేడికి ముడుచుకునే గొట్టం వేయి. నీళ్లలో మునిగే వైరుకి ఇన్సులేషన్ టేపు నిలబడదు.